ఇరవై మైళ్ళ ధర్మసందేహం

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఓర్లాండో చూడనివి బహుశా తక్కువే. పిల్లలు బడికెళ్ళే వయసుకొస్తే ఒకసారి, ఊరినుంచి అమ్మానాన్నా వస్తే ఇంకోసారి, అక్కావాళ్ళు పిల్లల్తో వస్తే మరోసారి. అక్కడున్నప్పుడు తిరుపతికి ఎలా వెళ్ళేవాళ్ళమో, ఇక్కడ డిస్నీ వరల్డుకి అలా వెళ్తుంటాం. విమానం టిక్కెట్లూ, హోటలూ, పార్కు టిక్కెట్లూ నెలల ముందే కుదిరిపోతాయి. చివరికి ఒక చిన్న ప్రశ్న మిగులుతుంది. విమానం దిగాక పార్కుకి ఎలా వెళ్ళాలి?

దూరం సుమారు 20 మైళ్ళు. రోడ్డు ఖాళీగా ఉంటే అరగంట. ఈ అరగంట గురించి మొగుడూ పెళ్ళాలు మూడు సాయంత్రాలపాటు వాదించుకోవడం నాకు తెలుసు. అద్దె కారు తీసుకుంటే మన చేతిలో బండి ఉంటుంది, కానీ టోల్ రోడ్డు డబ్బులూ, పార్కింగుకి రోజుకి ముప్ఫై డాలర్లకు తక్కువ కాకుండానూ అదనం. మనిషికింత అని తీసుకునే షటిల్ బస్సు ఎక్కితే చవకే, కానీ దారిలో నాలుగు హోటళ్ళ దగ్గర ఆగుతుంది. ఫోన్లో నొక్కితే వచ్చే ఊబరు, లిఫ్టు త్వరగా తీసుకెళ్తాయి, కానీ ఆరుగురు మనుషులకీ ఏడు సూట్‌కేసులకీ చాలవు. ముందుగా మాట్లాడుకుంటే పిల్లల సీట్లు బిగించి తెచ్చే వ్యాను వస్తుంది, దానికి ఖరీదెక్కువ. రెండు డాలర్ల సిటీబస్సు కూడా ఉంది. దాంట్లో సామాన్లతో బస్సులు మారుతూ వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళు అరుదు.

దీన్ని లెక్కల సమస్య అనుకుంటే కాగితం, పెన్సిలు చాలు. తలకి ఎన్ని డాలర్లు, ఎన్ని నిమిషాలు అని రెండు గడులు గీసుకుంటే జవాబు వచ్చేస్తుంది. కానీ ఆ కాగితం మీద కనపడని ప్రశ్న ఒకటుంది. మన సౌకర్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? "ఇరవై మైళ్ళకి ఇంత వేదాంతమా!" అని మీరు నవ్వచ్చు. పెద్ద పెద్ద ధర్మసంకటాలు మనలాంటి వాళ్ళకి జీవితంలో రెండో మూడో వస్తాయి. మిగతా ధర్మమంతా ఇలాంటి ఇరవై మైళ్ళల్లోనే గడిచిపోతుంది కదా.

ముందు ఉచితం సంగతి చూద్దాం. 2005 మే నెలనుంచి 2022 జనవరి దాకా డిస్నీ హోటళ్ళలో దిగేవాళ్ళకి ఎయిర్‌పోర్టు నుంచి ఉచితంగా బస్సు ఉండేది. పేరు మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్. పసుపుపచ్చ చీటీలు ముందే ఇంటికి పంపేవాళ్ళు. అవి సూట్‌కేసులకి కట్టేస్తే చాలు, విమానం దగ్గర సామాను కోసం నిలబడే పని లేకుండా తిన్నగా హోటల్ గదికే వచ్చేసేది. మొదటిసారి విన్నప్పుడు మా నాన్నగారు నమ్మలేదు. "ఊరికే ఎవడు మోస్తాడురా? ఎవడి సొమ్ము?" అని అడిగారు.

నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. బస్సు ఖర్చు గది అద్దెలో కలిసి ఉండేదన్నది పెద్ద రహస్యమేమీ కాదు. అంతకంటే అసలు లాభం వేరే ఉంది. కారు లేనివాడు ఎక్కడికీ పోలేడు. పక్కనే 1973 నుంచి సీవరల్డు ఉంది, 1990 నుంచి యూనివర్సల్ ఉంది, బయట సూపర్ మార్కెట్లూ మన ఇడ్లీ దొరికే హోటళ్ళూ ఉన్నాయి. ఉచిత బస్సులో వచ్చినవాడు అక్కడే తింటాడు, అక్కడే కొంటాడు. ఇందులో మోసం లేదు. అన్నీ తెలిసే ఎక్కుతాం. కానీ తీసుకున్నది దానం కాదన్న ఎరుక మాత్రం ఉండాలి.

ఉచిత బస్సు మన తెలుగువాళ్ళకిప్పుడు కొత్త కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేవు. అదీ ఉత్తినే రాదు, పన్నులు కట్టేవాళ్ళ సొమ్ము. దానిమీద ఇళ్ళల్లోనూ టీవీల్లోనూ వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి. కానీ ఈ రెండు ఉచితాలకీ ఒక తేడా ఉంది. ఆర్టీసీ బస్సెక్కిన ఆవిడ ఆసుపత్రి దగ్గర దిగచ్చు, పుట్టింటి దగ్గర దిగచ్చు, కూలిపని దొరికే ఊళ్ళో దిగచ్చు. ఎక్కడ దిగాలన్నది ఆవిడ ఇష్టం. వ్యాపారి ఇచ్చే బస్సు మాత్రం ఆ వ్యాపారి గుమ్మం ముందే దింపుతుంది. కనక "ఉచితమా, కాదా?" అన్న ప్రశ్న కంటే "దిగే చోటు ఎవరు నిర్ణయిస్తారు?" అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. స్వేచ్ఛకి ఇది ముతక కొలతే కావచ్చు గానీ, చాలా చోట్ల సరిపోతుంది.

ఐతే ఇదే కొలతతో ఇంకో విషయం కొలిస్తే కథ అడ్డం తిరుగుతుంది.

2006లో మా అమ్మా నాన్నగారూ డెట్రాయిట్ శివార్లలో మా ఇంట్లో ఆరు నెలలున్నారు. దగ్గర్లో ఉన్న కొట్టు రెండు మైళ్ళు. మధ్యలో కాలిబాట లేదు, బస్సు లేదు. తపాలా బిళ్ళ కావాలన్నా, గుడికెళ్ళాలన్నా, జుట్టు కత్తిరించుకోవాలన్నా నేనో మా ఆవిడో ఆఫీసునుంచి రావాలి. ఊళ్ళో ఉదయం కాఫీ తాగి సాయంత్రం దాకా నలుగురితో తిరిగొచ్చే మనిషి, ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని మా కారు శబ్దం కోసం వినేవారు. ఆ శరదృతువులో ఓర్లాండో వెళ్ళాం. రెండో రోజు మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుంటే ఆయన చొక్కా తొడుక్కుని, హోటలు ముందు బస్సెక్కి, పార్కు దాకా వెళ్ళి, మోనోరైల్లో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ బస్సెక్కి చీకటి పడేలోపల వచ్చేశారు. మేం కంగారుపడుతున్నాం. ఆయన మాత్రం మొహం వెలిగిపోతూ, "అబ్బాయ్, ఇక్కడ ఎవర్నీ అడగక్కర్లేదురా!" అన్నారు.

ఆయనకి సంతోషం మిక్కీ మౌసును చూసినందుకు కాదు. ఆరు నెలల్లో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా ఒకచోటికి వెళ్ళి, తనంతట తాను తిరిగొచ్చినందుకు. ఒక కంపెనీ కంచె లోపల మా నాన్నగారు స్వతంత్రులు. కంచె బయట, స్వతంత్ర దేశంలో, మా శివారులో, ఆయన పరాధీనులు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

దీనికి సగం జవాబు ఆ నేల చరిత్రలోనే ఉంది. 1960లలో వాల్ట్ డిస్నీ మారుపేర్ల కంపెనీల ద్వారా అక్కడ 27 వేల ఎకరాలకు పైగా కొనిపించాడు. అక్కడ పార్కు మాత్రమే కట్టాలని కాదు ఆయన ఉద్దేశం. ఎప్‌కాట్ అనే పేరుతో 20 వేల మంది ఉండే ఊరు కట్టాలనుకున్నాడు. 1966 అక్టోబరులో తీసిన చిత్రంలో ఆయనే ఆ ఊరి నమూనా ముందు నిలబడి వివరించాడు. కార్లూ లారీలూ నేల కిందనుంచి పోతాయి, పైన మనుషులు నడుస్తారు, ఊళ్ళో తిరగడానికి ఆగకుండా నడిచే చిన్న బళ్ళు, దూరానికి మోనోరైలు. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. ఊరు కట్టలేదు. 1971లో పార్కు తెరిచారు, 1982లో ఎప్‌కాట్ పేరుతో రెండో పార్కు వచ్చింది. కారు లేని మనిషి బతకగలిగే ఊరు అమెరికాకి రాలేదు గానీ, అలాంటి ఊరి బొమ్మ ఒకటి సెలవులకి చూసిరావడానికి మిగిలింది. 2019లో తీగల మీద వేలాడే స్కైలైనరు కూడా దానికి తోడైంది.

ఆ బొమ్మ ఊరి దాకా వెళ్ళడానికి మాత్రం రైలు లేదు. రాకపోవడం ఎవరి ఖర్మా కాదు, మనుషుల నిర్ణయాలే. 2000లో ఫ్లోరిడా వోటర్లు వేగంగా నడిచే రైలు వెయ్యాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించారు. 2004లో ఖర్చుకి భయపడి వాళ్ళే దాన్ని కొట్టేశారు. తర్వాత ఓర్లాండో ఎయిర్‌పోర్టు నుంచి టాంపాకి రైలు వెయ్యడానికి కేంద్రం 240 కోట్ల డాలర్లు ఇస్తానంటే, 2011లో అప్పటి గవర్నరు వద్దన్నాడు. రాష్ట్రం మీద అదనపు ఖర్చు పడుతుందని ఆయన వాదన. ఆ దారిలో డిస్నీ దగ్గరా ఒక స్టేషను ఉండాల్సింది. 2020లో బ్రైట్‌లైన్ అనే ప్రైవేటు రైలు కంపెనీ డిస్నీ దగ్గర స్టేషను కడతామని ప్రకటించింది, 2022లో ఆ ఆలోచన మానుకున్నారు. 2023 సెప్టెంబరులో మయామీ నుంచి రైలు ఎయిర్‌పోర్టు దాకా వచ్చి అక్కడ ఆగింది. ఆ ఇరవై మైళ్ళు అలాగే ఉన్నాయి.

ఇక్కడ రెండో ధర్మసందేహం వస్తుంది. వేరే దారి లేనిచోట కారెక్కినవాడిది తప్పా? వాతావరణం గురించి గట్టిగా నమ్మే మన పిల్లలు ఈమధ్య ఈ ప్రశ్న అడుగుతున్నారు, అడగనివ్వండి. నిజాయితీగా చెప్పాలంటే, వెయ్యి మైళ్ళు విమానంలో వచ్చి, చివరి ఇరవై మైళ్ళు బస్సెక్కి పుణ్యం వచ్చిందనుకోవడం కొండంత వదిలేసి గోరంత పట్టుకోవడమే. ఆ లెక్కన బస్సుకీ కారుకీ ఉన్న తేడా విమానం ముందు లెక్కలోకి రాదు. అలాగని పెద్దది మన చేతిలో లేదు కాబట్టి చిన్నదానికి అర్థం లేదనడమూ పొరపాటే.

గాంధీగారిని చూడండి. 1909లో హింద్ స్వరాజ్‌లో రైళ్ళని తిట్టిపోశారు. ఇండియా వచ్చాక అదే రైళ్ళల్లో దేశమంతా తిరిగారు. కానీ మూడో తరగతిలో తిరిగారు, 1917లో ఆ పెట్టెల్లో జనం పడే అవస్థల గురించి రాశారు. వ్యవస్థని తప్పుపట్టినవాడు అందులో ప్రయాణించకూడదని లేదు. ప్రయాణిస్తూ, అందులో అందరికంటే కష్టపడుతున్నవాడు కనపడే చోట కూర్చున్నాడా లేదా అన్నదే చూడాల్సింది.

మన ఇరవై మైళ్ళల్లో కష్టపడేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. మొదటివాడు డ్రైవరు. ఎయిర్‌పోర్టు దగ్గర తన ఫోను మోగేదాకా వరసలో ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపుకి డబ్బులు రావు. పెట్రోలు, బండి అరుగుదల, పార్కు దగ్గర మనల్ని దింపి ఖాళీగా వెనక్కి రావడం అన్నీ అతని ఖాతాలోవే. ఫోన్లో మూడు ధరలు కనిపిస్తే మనం కింద ఉన్నదాన్ని నొక్కుతాం. నొక్కడం తప్పనను. కానీ ఆ చవకలో కొంత భాగం అతని సాయంత్రంలోంచి వచ్చిందని తెలిసినవాడు టిప్పు దగ్గర బేరం ఆడడు. మనవాళ్ళు కొందరు "మన దేశంలో టిప్పు అలవాటు లేదు" అంటారు. మన దేశంలో రిక్షావాడు ఎండలో తొక్కుకొచ్చాడని మా అమ్మమ్మ మజ్జిగ ఇచ్చి పంపేది. పేరు మారింది గానీ అలవాటు లేకపోలేదు. ఓర్లాండోలో బళ్ళు నడిపేవాళ్ళల్లో చాలామంది ప్యూర్టోరికో నుంచో, హైతీ నుంచో వచ్చినవాళ్ళు. మనలాగే ఇంటికి డబ్బు పంపేవాళ్ళు.

రెండోది పసిపిల్ల. ఆరుగురున్నప్పుడు మన నోట మొదట వచ్చే మాట, "పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుందాం, అరగంటేగా!" ప్రేమతో అనే మాటే ఇది. కానీ గంటకి ముప్ఫై మైళ్ళ వేగంలో బండి దేనికైనా గుద్దుకుంటే, పది కిలోల పాప ఆ క్షణంలో రెండు మూడు వందల కిలోల బరువై ముందుకి లాగుతుంది. అంత బరువుని ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఐదేళ్ళ లోపు, ఐదేళ్ళ పిల్లలకి కూడా, వాళ్ళ వయసుకి తగిన సీటు ఉండాలి. అద్దెకి తిరిగే టాక్సీ డ్రైవరుకి ఆ నిబంధన వర్తించదు. చట్టం అక్కడితో ఆగకుండా ఆ బాధ్యతని తల్లిదండ్రుల మీద పెట్టింది. అంటే డ్రైవరు ఏమీ అనలేదు, పోలీసు ఏమీ అనలేదు అన్న సమాధానం చెల్లదు. అడిగేవాడు లేనిచోట చేసేదే ధర్మం అని మన పెద్దలు చెప్పింది ఇలాంటి అరగంటల గురించే కాబోలు. నాలుగు వందలు పెట్టి పార్కు టిక్కెట్లు కొన్నవాళ్ళం, సీటున్న వ్యానుకి ఇంకో నలభై పెట్టడానికి వెనకాడితే లెక్క ఎక్కడో తప్పినట్టే.

మూడోవాళ్ళు పెద్దవాళ్ళు. "నాన్నగారూ, బస్సా, కారా?" అంటే, "మీ ఇష్టం నాయనా" అంటారు. అత్తగారైతే "మీకేది వీలైతే అది" అంటారు. మన భాషలో "మీ ఇష్టం" అనే మాటకి అర్థాలు చాలా ఉన్నాయి. ఒక్కోసారి అది నిజంగా అంగీకారం. చాలాసార్లు, "మీ ఖర్చుతో వచ్చినవాళ్ళం, కోరిక చెప్పే హక్కు మాకెక్కడిది?" అని. మోకాళ్ళ నొప్పితో ఎత్తు బస్సు మెట్లు ఎక్కలేనని చెప్పరు. కారు వెనక సీట్లో ముడుచుకు కూర్చుంటే కడుపులో తిప్పుతుందనీ చెప్పరు. గంటకోసారి బాత్రూముకి వెళ్ళాలని అసలే చెప్పరు. వాళ్ళ మౌనాన్ని మనం అంగీకారంగా రాసేసుకుని లెక్క ముగిస్తాం. అప్పుడు వాళ్ళు ప్రయాణికులు కారు, మనం మోసుకెళ్ళే సామాను అవుతారు. పసుపుపచ్చ చీటీ ఒకటే తక్కువ.

ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు 1974లో ఒక లెక్క వేశాడు. సగటు అమెరికను కారులో కూర్చునే గంటలూ, కారుకయ్యే ఖర్చు సంపాదించడానికి పనిచేసే గంటలూ కలిపితే ఏడాదికి 1,600 గంటలని. అన్ని గంటలకీ అతను ప్రయాణించేది 7,500 మైళ్ళు. అంటే గంటకి ఐదు మైళ్ళు కూడా కాదు, చురుగ్గా నడిచేవాడి వేగం. ఆ అంకెల మీద పోట్లాడేవాళ్ళున్నారు, ఉండనీండి. ఆయన అసలు చెప్పింది ఇంకోటి. వేగం పెరిగినకొద్దీ, ఆ వేగం కొనలేనివాడు వెనకబడిపోతాడు, నడిచేవాడికి రోడ్డే ఉండదు. మా నాన్నగారు డెట్రాయిట్ కిటికీ దగ్గర కూర్చున్నది ఇందుకే. అరగంట మిగల్చడానికి ముందు, ఆ అరగంట ఎవరిదో, ఎవరి దగ్గర తీసుకుంటున్నామో చూసుకోవాలి.

అలాగని అందరూ బస్సే ఎక్కాలని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. రాత్రి పదకొండింటికి విమానం దిగి, నిద్రమత్తులో ఏడుస్తున్న ఇద్దరు పిల్లలున్న తల్లికి నాలుగు హోటళ్ళ దగ్గర ఆగే బస్సు న్యాయం కాదు, తిన్నగా ఇంటిముందు దించే వ్యానే న్యాయం. చక్రాల కుర్చీలో ఉన్న మామ్మగారికి కుర్చీ ఎక్కించే సదుపాయమున్న బండే సరైనది, అది బస్సు కావచ్చు, వ్యాను కావచ్చు. నడవగలిగి, చదవగలిగి, కొత్త ఊరు తనంతట తాను చూడాలనుకునే తాతగారికి బస్సులాంటిది లేదు. బండి మారచ్చు గానీ సూత్రం ఒకటే. మనలో అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్ళు ఏ బండిలో మనిషిగా మిగులుతారో ఆ బండి ఎక్కాలి. బలంగా ఉన్నవాడు ఎలాగైనా సర్దుకుంటాడు. డబ్బు చాలకపోతే పార్కులో ఒక రోజు తగ్గించుకోవచ్చు. నాలుగు రోజులు చూసినవాడికీ మూడు రోజులు చూసినవాడికీ పదేళ్ళ తర్వాత గుర్తుండేది ఒకటే.

మనవాళ్ళకి ప్రయాణం గురించి ఒక పాత ఊహ ఉంది, పుష్పక విమానం. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని చెప్పుకుంటాం. హైదరాబాదు ఎయిర్‌పోర్టు బస్సులకి ఆ పేరే పెట్టారు, తెలిసో తెలియకో సరైన పేరే పెట్టారు. లంకనుంచి అయోధ్యకి వస్తూ రాముడు త్వరగా చేరాలనుకున్నాడు, అక్కడ తమ్ముడు రోజులు లెక్కపెడుతున్నాడు. అంత తొందరలోనూ దారిలో కిష్కింధ దగ్గర ఆపి, వానరుల ఇళ్ళల్లో ఆడవాళ్ళని కూడా ఎక్కించుకున్నారని రామాయణం చెప్తుంది. యుద్ధం గెలిచినవాళ్ళతో పాటు ఇంట్లో ఎదురుచూసినవాళ్ళకీ పట్టాభిషేకం చూసే హక్కుందన్నమాట. చేరాక ఆ విమానాన్ని ఉంచేసుకోలేదు, అసలు యజమాని కుబేరుడికి పంపించేశారు.

ఈసారి ఓర్లాండో టిక్కెట్లు కొనేముందు ఒక పని చేసి చూడండి. ఇంట్లో చిన్నవాళ్ళనీ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి, ఎలా వెళ్దామని అడగండి. మోకాళ్ళ సంగతి, కడుపులో తిప్పే సంగతి, కిటికీ పక్క సీటు సంగతి మీరే ఎత్తండి. "మీ ఇష్టం" అంటారు. అప్పుడు ఫోను పక్కన పెట్టి, ఇంకొకసారి అడగండి.